ఫొటోలో తాతయ్య ఉన్నారు, ఓడ లేదు



కిందటేడు మా అబ్బాయి ఏడో క్లాసులో ఉండగా ఎగ్జిబిషన్‌కి అగ్నిపర్వతం చేశాడు. చేశాడు అని రాస్తున్నాను గానీ అసలు సంగతి మీకూ తెలుసు. స్టేషనరీ కొట్ల సందులో ప్రాజెక్టులు చేసిచ్చే షాపు ఒకటుంది. 650 రూపాయలిస్తే సాయంత్రానికల్లా థర్మాకోల్ కొండ, ఎర్ర రంగు లావా, లోపల చిన్న బల్బుతో సహా చేతిలో పెడతారు. ఆ రోజు అక్కడ మీలో ఇద్దరు ముగ్గురు నాకు కనపడ్డారు. ఒకళ్ళనొకళ్ళం చూసుకుని, చూడనట్టే హెల్మెట్లు పెట్టేసుకుని వచ్చేశాం.

ఈ ఏడు సోషల్ మేడమ్ గారు 'సముద్రాలు, ప్రయాణాలు' అని టాపిక్ ఇచ్చారు. నేను షాపతని నంబరు వెతుకుతుంటే మా వాడు అడ్డం వచ్చాడు. "వద్దు నాన్నగారూ, ఓడ నేనే చేస్తాను. ఫొటోలు దొరికాయి" అన్నాడు.

ఫోన్‌లో చూపించిన ఓడ పేరు చార్లెస్ డబ్ల్యూ. మోర్గాన్. అమెరికాలో న్యూ బెడ్‌ఫర్డ్ అనే రేవులో 1841లో కట్టారు. తిమింగలాల వేటకి కట్టిన కొయ్య ఓడ. 80 ఏళ్ళలో 37 ప్రయాణాలు చేసిందట. ఒక్కో ప్రయాణం అంటే మనం కాకినాడ వెళ్ళొచ్చినట్టు కాదు, ఏళ్ళ తరబడి సముద్రం మీదే. ఓడ మీదే ఇటికలతో పొయ్యి కట్టి, పెద్ద ఇనప కాగుల్లో తిమింగలం కొవ్వు కరిగించి, ఆ నూనె పీపాల్లో నింపుకుని వచ్చేవారు. అప్పట్లో అక్కడి ఇళ్ళలో దీపాలకీ, మిల్లుల్లో యంత్రాలకీ అదే నూనె. ఆ రకం కొయ్య ఓడల్లో ఇవాళ ప్రపంచం మొత్తం మీద మిగిలింది ఇదొక్కటే. 1941 నుంచీ కనెక్టికట్ రాష్ట్రంలో మిస్టిక్ అనే ఊరి మ్యూజియంలో ఉంది. 2008లో దాన్ని నీళ్ళలోంచి పైకెత్తి, అయిదేళ్ళు బాగుచేసి, 2013 జూలై 21న మళ్ళీ నీళ్ళలో దించారు. మొట్టమొదట దించింది కూడా జూలై 21నే, అంతకు 172 ఏళ్ళ ముందు.

మా ఆవిడ వంటింట్లోంచి, "చంపే ఓడ ఎందుకురా, ఇంకే ఓడా దొరకలేదా?" అంది. సబబైన మాటే. వాడు దానికీ జవాబు వెతుక్కొచ్చాడు. 2014లో ఆ ఓడ 38వ ప్రయాణం చేసిందట, ఈసారి ఈటెలు పక్కన పెట్టి తిమింగలాలని చూసి రావడానికి. వ్యాపారం కోసం తిమింగలాల్ని వేటాడడం 1986 నుంచి అంతర్జాతీయంగా ఆపేశారని, మన హిందూ మహాసముద్రాన్నయితే 1979లోనే వాటికి అభయారణ్యంగా ప్రకటించారని కూడా చెప్పాడు. మా ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, రెండు అట్టపెట్టెలు తెచ్చిచ్చింది.

ఇక్కడినుంచి మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఫొటో చూసి బొమ్మ చెయ్యడం తేలికని నేను అనుకున్నాను. కాదండి.

మావాడు లెక్క సులువుగా ఉండాలని నూటికి ఒకటి కొలత పెట్టుకున్నాడు. అసలు ఓడలో ఒక మీటరైతే బొమ్మలో ఒక సెంటీమీటరు. ఓడ పొడవు సుమారు 113 అడుగులు, అంటే 34 మీటర్లు. కాబట్టి బొమ్మ 34 సెంటీమీటర్లు. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత అన్నిట్లోకీ అందమైన ఫొటో ఒకటి, తెరచాపలన్నీ విప్పుకుని ముందువైపు నుంచి వస్తున్నది, కలర్ ప్రింట్ తీయించి దాని మీద స్కేలు పెట్టి కొలిచాడు. తెరచాప కొయ్యలు మూడింటికీ మూడు వెదురు పుల్లలు కోశాడు. నిలబెట్టి చూస్తే ముందుది ఆకాశమంత, వెనకది పొట్టిది. ఏం తప్పు చేశానో తెలీక వాడు మొహం వేలాడేశాడు.

మన పెళ్ళిళ్ళలో గ్రూప్ ఫొటో ఉంటుంది చూడండి. ముందు వరసలో కింద కూర్చున్న పిల్లాడి తల, వెనక నుంచున్న పెదనాన్నగారి తలకంటే పెద్దగా పడుతుంది. అంతమాత్రాన పిల్లాడి తల పెద్దదా? దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా పడడం కెమెరా స్వభావం. కొలతకి పనికొచ్చే ఫొటో ఏమిటంటే, చాలా దూరంగా నుంచుని, జూమ్ చేసి, సరిగ్గా పక్కనుంచి, ఓడ నడుముకి ఎదురుగా తీసినది. అలాంటి ఫొటో చూడ్డానికి చప్పగా ఉంటుంది. ఎవరూ లైక్ కొట్టరు. బొమ్మ చేసేవాడికి మాత్రం అది బంగారం.

అది దొరికాక ఇంకో చిక్కు. పాత నలుపు తెలుపు ఫొటోల్లో ఓడ ఒకలాగ, కొత్త ఫొటోల్లో ఇంకోలాగ ఉంది. మొదట్లో మూడు కొయ్యలకీ అడ్డంగా పరిచే తెరచాపలే ఉండేవట. తర్వాత వెనక కొయ్యకి వాటిని తీసేసి వేరే రకం కట్టారు. 80 ఏళ్ళు పనిచేసిన ఓడ కదా, మన తాతలనాటి పెంకుటిల్లు లాగే ఒక్కో తరం ఒక్కో మార్పు చేసింది. దాన్ని బాగుచేసినవాళ్ళు ఏ కాలం నాటి రూపం పెట్టాలో నిర్ణయించుకోవాల్సి వచ్చింది. బొమ్మ చేసేవాడు కూడా నిర్ణయించుకోవాల్సిందే. మావాడు 2014 ప్రయాణం నాటిది ఖాయం చేసుకున్నాడు, ఫొటోలు ఎక్కువ ఉన్నాయని.

ఇంత చేసినా ఓడ పొట్ట తేలలేదు. పక్కనుంచి ఎన్ని ఫొటోలు చూసినా పొడవూ ఎత్తూ తెలుస్తాయి గానీ, నీళ్ళకింద అది ఎక్కడ ఉబ్బుతుందో, ఎక్కడ సన్నబడుతుందో తెలీదు. మూడు రోజులు తలపట్టుకుని, నాలుగోరోజు రాత్రి బాగుచేస్తున్నప్పుడు తీసిన ఫొటోల్ని పట్టుకున్నాడు. ఓడ నేల మీద ఉంది. పలకలు కొన్ని ఊడదీశారు. లోపలి పక్కటెముకలు వరసగా కనపడుతున్నాయి. ముక్కుకి ఎదురుగా నుంచుని తీసింది ఒకటి, తోకవైపు నుంచి ఒకటి. రంగులు వేసి, జెండాలు కట్టి, అందంగా తయారయ్యాక తీసిన వంద ఫొటోలకంటే విప్పేసి పడేసినప్పటి ఆ రెండు ఫొటోలే మావాడి అట్టకి ఆకారం ఇచ్చాయి.

ఆ ఫొటోలు పెద్ద చేసి చూడ్డానికి వాడు లాప్‌టాప్‌ని హాల్లోకి తెచ్చాడు. హాల్లో మా నాన్నగారు ఉంటారు.

మా నాన్నగారి గురించి ఒక మాట చెప్పాలి. అమ్మ పోయాక తాళ్ళరేవు నుంచి రాజమండ్రి మా ఫ్లాట్‌కి తీసుకొచ్చేశాం. మూడో అంతస్తు. పొద్దున్న పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం బాల్కనీ. అడిగితే 'ఆయ్' అంటారు, అడక్కపోతే అదీ లేదు. మావాడికి ఐఐటి ఫౌండేషన్, హోంవర్కు, ట్యూషను. ఒకే ఇంట్లో రెండేళ్ళుగా ఉంటున్నా, వాళ్ళిద్దరి మధ్యా 'తాతయ్యా భోజనానికి రండి' తప్ప నేను విన్న మాట లేదు.

ఆ రాత్రి మావాడు నాకు చదివి వినిపిస్తున్నాడు. ఆ ఓడ పక్కటెముకలకి లైవ్ ఓక్ అనే చెట్టు చెక్క వాడతారట. దాని కొమ్మలు తిన్నగా పెరగవు, వంకరగా పెరుగుతాయి. ఆ వంకరే ఓడకి కావాలి. 2005లో కత్రీనా తుపానుకి అమెరికా దక్షిణాన పడిపోయిన చెట్లనుంచి కూడా ఈ ఓడకి చెక్క తెచ్చారట.

"తుపానుకి పడ్డ చెట్టే మంచిది" అన్నారు మా నాన్నగారు.

ఇద్దరం తిరిగి చూశాం. ఆయన టీవీ వైపే చూస్తున్నారు.

"కోసిన చెట్టయితే వేరు నేలలో ఉండిపోతుంది. పడ్డ చెట్టు వేరుతో సహా లేస్తుంది. మానూ వేరూ కలిసే చోట వంపు ఉంటుంది చూడు, అది మనిషి తయారుచెయ్యలేడు. మేం నల్లతుమ్మ వాడేవాళ్ళం. వంకర చెట్టు ఎక్కడుందంటే అక్కడికి పోయి చూసొచ్చేవాళ్ళం. తిన్నటి చెట్టుకి బేరం ఎవడైనా ఆడతాడు."

"మీరు ఓడలు కట్టేవారా తాతయ్యా?" అన్నాడు మావాడు.

ఆ ప్రశ్న ఆయన్ని అడిగాడు గానీ, తగిలింది నాకు. వాడికి పదమూడేళ్ళు. తాతయ్య ఏం పని చేసేవారో వాడికి తెలీదు, ఎందుకంటే నేను చెప్పలేదు. నేను ఇంటర్‌లో చేరేటప్పుడు అప్లికేషన్‌లో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యవసాయం' అని రాశాను. మాకు సెంటు భూమి లేదు. పక్కన నుంచున్న కుర్రాడి నాన్న ఇంజనీరు. నేను ఓడ వడ్రంగి అని రాయలేకపోయాను. ఆ ఫారం మీద మా నాన్నగారే సంతకం పెట్టారు. ఆయనకి చదవడం వచ్చు.

మళ్ళీ ఓడ దగ్గరికొస్తాను.

మర్నాడు ఆయన ట్రంకు పెట్టె తీయించారు. అడుగున పాలిథిన్ కవర్లో ఒక ఫొటో. నలుపు తెలుపు, అంచులు పసుపెక్కాయి. తాళ్ళరేవులో కట్టిన సరుకు ఓడని కాలవలోకి దించే రోజు, కాకినాడ నుంచి స్టూడియో ఆయన్ని పిలిపించి తీయించారట. కింద కూర్చున్నవాళ్ళు, వెనక నుంచున్నవాళ్ళు, అంతా కలిసి ఒక పాతికమంది. ఓడ యజమాని మెళ్ళో దండ. కుడివైపు చివర మా నాన్నగారు, ముప్ఫై ఏళ్ళవాడు, చొక్కా లేదు, భుజం మీద తువ్వాలు, ఒక చెయ్యి ఓడ మీద.

ఓడ ఏదీ అంటే, లేదు. ముక్కు ఒకటి మనుషుల తలల మీదుగా పైకి కనపడుతోంది, పసుపూ కుంకం బొట్లతో. మిగతాదంతా మనుషుల వెనక. ఫొటో తీయించుకున్నవాళ్ళకి మనుషులు కావాలి. ఓడ రేపూ ఉంటుంది కదా అనుకున్నారు.

మీరు కోరంగి వెళ్ళే ఉంటారు. పిల్లల్ని స్కూలు పిక్నిక్‌కి తీసుకెళ్ళేది అక్కడికే. మడ అడవులు, చెక్క వంతెన, బోటు షికారు. ఆ ఊరు ఒకప్పుడు ఈ తీరంలో పేరున్న ఓడల రేవు. ఓడలు కట్టేవారు, పాడైనవి బాగుచేసేవారు. 1802లో ఒక ఇంగ్లీషు దొర అక్కడ మరమ్మతుల డాక్ కట్టించాడు. మనవాళ్ళు రంగం వెళ్ళింది ఈ తీరం నుంచే. అందుకే బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు, ఏ ఊరివాళ్ళైనా సరే. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చేసింది. గోదావరి మట్టి పూడ్చింది. రేవు కాకినాడకి పోయింది. ఒక చిత్రం చెప్పనా? ఆస్ట్రేలియా దగ్గర పగడాల సముద్రంలో కోరింగా అనే చిన్న దీవులున్నాయి. 1845లో అక్కడ బద్దలైన 'కోరింగా పాకెట్' అనే ఓడ పేరే వాటికి పెట్టారు. మన ఊరి పేరు అంత దూరాన మ్యాపులో ఉంది. ఇక్కడ చూపించడానికి ఒక్క పాత ఓడ లేదు.

మోర్గాన్ లాంటిది మనకీ ఉంటే ఎంత బాగుండును అనిపించి, నేను రెండు రాత్రులు కూర్చుని వెతికాను. ట్రింకోమలీలో ఇంగ్లీషు నౌకాదళానికి ఓడలు కట్టించిన జాన్ ఎడై అనే ఆయన 1834లో అచ్చయిన వ్యాసంలో మన తీరపు దోనిని వర్ణించాడు. 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, బల్లపరుపు అడుగు. పారీ అనే ఫ్రెంచి నౌకాధికారి 1830 ప్రాంతంలో ఓడ మీద ప్రపంచం చుట్టూ తిరుగుతూ, వెళ్ళినచోటల్లా అక్కడివాళ్ళ పడవల్ని కొలిచి బొమ్మలు గీసుకున్నాడు. మన కోరమాండల్ తీరపు పడవలు కూడా అందులో ఉన్నాయి. ముసలితనంలో పారిస్‌లో లూవర్‌లోని నౌకా మ్యూజియానికి అధిపతి అయ్యి, యువకుడిగా తాను గీసుకున్న ఆ బొమ్మల్ని బట్టే చిన్న చిన్న నమూనాలు చేయించి పెట్టాడు. అంటే మావాడు అట్టతో చేస్తున్న పనే. మన పడవల్ని కొలిచిపెట్టుకున్నది వాళ్ళు. మనవాళ్ళు ఎందుకు గీసుకోలేదని మా నాన్నగారిని అడిగితే, "రేపు మళ్ళీ కడతాం కదా, గీసుకోడం ఎందుకు?" అన్నారు.

మావాడు మాత్రం ఆ పాత ఫొటోని వదల్లేదు. స్కేలు తెచ్చాడు.

"తాతయ్యా, మీ ఎత్తెంత?"

"అయిదడుగుల నాలుగంగుళాలు. అప్పుడు."

ఫొటోలో మనిషి ఎత్తు తెలిస్తే ఆయన పక్కనున్న వస్తువు ఎత్తు చెప్పొచ్చు. మోర్గాన్ ఫొటోల్లో వాడు ఇది చాలాసార్లు చేశాడు. తాతయ్య చెయ్యి ఓడ మీదే ఉంది కాబట్టి ఇద్దరూ కెమెరాకి ఒకే దూరంలో ఉన్నట్టే. కాళ్ళు ముందు వరసవాళ్ళ వెనక మరుగైపోయాయి. మిగతావాళ్ళ పాదాలు ఎక్కడున్నాయో చూసి నేల గీత గీసుకున్నాడు. నేల నుంచి తాతయ్య తలదాకా 4 సెంటీమీటర్లు. అంటే 64 అంగుళాలకి 4 సెంటీమీటర్లు. ముక్కు ఎత్తు 9 సెంటీమీటర్లు. "144 అంగుళాలు. పన్నెండడుగులు" అన్నాడు.

"కాదు" అన్నారు తాతయ్య.

మళ్ళీ కొలిచాడు. మళ్ళీ పన్నెండే.

"కాదురా. పది మూరలు."

మూరంటే ఎంత అని వాడు నన్ను అడిగాడు. అడుగున్నర అని చెప్పాను. పది మూరలంటే పదిహేనడుగులు. మూడడుగులు తేడా. యాభై ఏళ్ళ కిందటి మాట, పెద్దాయన మరిచిపోయి ఉంటారని నేను మావాడికి సైగ చేశాను. వాడు నా సైగ పట్టించుకోలేదు. ఫొటో ఆయన చేతిలో పెట్టి, "మరి ఇక్కడ మీరు నేల మీదే కదా నుంచున్నారు?" అన్నాడు.

ఆయన ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నవ్వారు. ఆయన నవ్వగా చూసి నాకు రెండేళ్ళయింది.

"దుంగ మీద నుంచున్నాను. ఓడని దొర్లించడానికి వేసిన దుంగ. చివర్న కదా, పొట్టిగా పడతానని ఎక్కాను."

దుంగ ఎంత లావు అంటే రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించారు. వాడు టేపు పెట్టాడు. 16 అంగుళాలు. 64కి 16 కలిపితే 80. 80 అంగుళాలకి 4 సెంటీమీటర్లంటే, సెంటీమీటరుకి 20. తొమ్మిది ఇరవైలు 180.

"పదిహేనడుగులు" అన్నాడు వాడు, గొంతు మారిపోయింది.

"పది మూరలు" అన్నారాయన.

ఆ ఆదివారం ముగ్గురం తాళ్ళరేవు వెళ్ళాం. యానాం రోడ్డు మీద పోతుంటే చాలాసార్లు చూసే ఉంటారు, కాలవ పక్కన కొబ్బరిచెట్ల కింద సగం కట్టిన బోట్లు. ఇప్పుడు సరుకు ఓడలు కాదు, చేపల వేటకి పోయే బోట్లు. కొన్నిచోట్ల ఫైబరు వచ్చేసింది. మేం వెళ్ళినచోట కొయ్యదే ఒకటి నిలబడి ఉంది, పక్కటెముకలు బయటికి కనపడుతూ. మావాడు కార్లోంచి దిగుతూనే, "నాన్నగారూ, మోర్గాన్‌ని విప్పినప్పుడు సరిగ్గా ఇలాగే ఉంది" అన్నాడు. ఒకదాన్ని విప్పుతున్నారు, ఒకదాన్ని కడుతున్నారు. కెమెరాకి రెండూ ఒకటే.

మేస్త్రీ మా నాన్నగారిని గుర్తుపట్టి, "ఏం బావా, ఇన్నాళ్ళకి" అంటూ బల్ల వేశాడు. కుర్రాడు ఫోన్‌తో ఫొటోలు తీస్తుంటే, "యూట్యూబ్‌లో పెడతావా బాబూ?" అని అడిగాడు. "లేదండి, చేస్తాను" అన్నాడు మావాడు. మేస్త్రీకి అర్థం కాలేదు గానీ, ఆ మాట నచ్చింది. ప్లాను కాగితం ఉందా అని వాడు అడిగితే మేస్త్రీ తన కన్ను చూపించాడు.

ఆ రోజు వాడు తీసిన ఫొటోలు ఎలాంటివంటే, సెల్ఫీ ఒక్కటీ లేదు. కాలవ అవతలి గట్టుకి నడుచుకుంటూ పోయి, అక్కణ్ణుంచి జూమ్ చేసి పక్కవైపు మొత్తం తీశాడు. సరిగ్గా ముక్కుకి ఎదురుగా ఒకటి, వెనకనుంచి ఒకటి. తర్వాత దగ్గరకొచ్చి పలకా పలకా కలిసే చోట్లు, మేకులు, సందుల్లో కూరిన నార. కొలత తెలియడానికి టేపు పక్కన పెట్టాలనుకున్నాడు గానీ గాలికి టేపు నిలవట్లేదు. మా నాన్నగారు కుర్చీ బల్ల మీంచి లేచి, అరచెయ్యి చాపి చెక్క మీద పెట్టారు. "నా జానెడు తొమ్మిదంగుళాలు. ఇంకేం కావాలి?" అన్నారు. అక్కణ్ణుంచి ప్రతి ఫొటోకీ ఆయన చెయ్యే. చెయ్యి కొంచెం వణుకుతుంది, ఒకటి రెండు ఫొటోలు చెదిరాయి. "ఇక్కడ తియ్యి. ఇక్కడ. అది అక్కర్లేదు, అది ఎవడైనా చేస్తాడు. ఇదిగో ఈ మలుపు తియ్యి."

మీకు ఒక్క మనవి. ఇంట్లో పాత ఫొటోలుంటే సెల్‌ఫోన్‌తో ఏటవాలుగా క్లిక్ కొట్టి ఊరుకోకండి. షాపులో సరిగ్గా స్కాన్ చేయించండి, వెనక రాసున్నది కూడా. ఫొటోలో ఉన్న పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉంటే, వాళ్ళెవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ నుంచున్నారు అన్నది పిల్లల చేత అడిగించండి. మనం అడిగితే చెప్పరు, నా అనుభవం.

ఎగ్జిబిషన్‌కి మోర్గానే పట్టుకెళ్ళాడు. 34 సెంటీమీటర్లు, అట్ట పక్కటెముకలు, ఐస్‌క్రీమ్ పుల్లల పలకలు, అడ్డ కొయ్యలకి కొబ్బరి ఈనెలు. అయిదు వేట పడవలు అగ్గిపెట్టె చెక్కతో చేశాడు, వాటిలో ఒకటి ఆటోలో పోయింది. ప్రైజు మెట్రో రైలుకి వచ్చింది, లైట్లు వెలుగుతూ నిజంగానే బాగుంది. మావాడు పెద్దగా బాధపడినట్టు లేడు. వాడి ధ్యాస రెండో ఓడ మీద ఉంది.

ఆ రెండోది ఇప్పుడు మా డైనింగ్ టేబుల్ మీదుంది. అందుకే నెలరోజులుగా మేం కింద కూర్చుని భోంచేస్తున్నాం. ఎడై చెప్పిన 70 అడుగుల లెక్కనే, అదే నూటికి ఒకటి కొలతలో 21 సెంటీమీటర్లు. కొలతలు ఆయనవి, పలకల అతుకులు తాళ్ళరేవు ఫొటోల్లోవి, ముక్కు మాత్రం ట్రంకు పెట్టెలోని ఫొటోది. పక్కనే చిన్న అట్టముక్క మీద వాడు వివరాలు రాసుకున్నాడు. ఓడ రకం, కొలత, చెక్క. చివర 'కట్టినవారు' అని పెట్టి తాతయ్య పేరు రాసి, పక్కన 'ఓడ వడ్రంగి, తాళ్ళరేవు' అని రాశాడు. స్పెల్లింగ్ సరిగ్గా ఉందా అని ఆ అట్టముక్క నా దగ్గరికి తెచ్చాడు. సరిగ్గానే ఉందని చెప్పి తిరిగిచ్చేశాను. ఆయన పక్కగదిలోనే ఉన్నారు.

కార్తీక పౌర్ణమికి గోదావరిలో దించుదామని తాతామనవళ్ళు అనుకుంటున్నారు. ఇప్పటికి ముక్కు నాలుగుసార్లు విప్పించారాయన. నిన్న రాత్రి అయిదోసారి వేలితో నిమిరి చూసి, "ఇది ఇంకా నీళ్ళని కొయ్యదురా, గుద్దుతుంది" అన్నారు. మావాడు నోరెత్తకుండా బ్లేడు తీసుకున్నాడు.